మాచు పిచ్చుకు అమ్మానాన్నలతో వెళ్లేవారికి: నేల కింద ఉన్న నగరాన్ని కూడా చూసి రండి

మీ ప్రశ్న చదివాను. డాలస్ నుంచి మీరిద్దరు, ఖమ్మం నుంచి వచ్చిన అమ్మానాన్నలు (అమ్మగారికి 64, నాన్నగారికి 68) కలిసి ఏడు రోజులు దక్షిణ అమెరికాలోని పెరూ వెళ్లాలనుకుంటున్నారు. అక్కడి కొండ మీద ఇంకాలు అనే పాత రాజ్యం వాళ్లు కట్టిన రాతి నగరం మాచు పిచ్చుకు ఒక రోజు చాలా, ఏ సర్క్యూట్ (లోపల నడిచే దారి) టికెట్ కొనాలి, ఆ ఎత్తు పెద్దవాళ్లకు పడుతుందా అని అడిగారు. చివర్లో "ఫొటోలో చూసినదానికన్నా అక్కడ ఇంకేమైనా ఉందా, లేక అందరూ వెళ్తున్నారని వెళ్లడమేనా" అన్నారు. ముందు ఆ చివరి ప్రశ్నకే జవాబు చెబుతాను. దాన్నిబట్టే మిగతావి తేలతాయి.

నేను వాననీటి డ్రైనేజీ డిజైన్ చేసే సివిల్ ఇంజినీర్‌ని. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. మాచు పిచ్చుకు మూడుసార్లు వెళ్లాను: 2014లో ఒక్కడినే, 2018లో అమ్మతో, 2024లో భార్యాపిల్లలతో. మొదటిసారి వెళ్లినప్పుడు నాకూ మీలాంటి అనుమానమే ఉండేది. పైనుంచి ఆ ఫొటో తీసుకున్నాను, బాగుంది. తర్వాత కిందికి దిగి ఒక గోడ అడుగున చిన్న రాతి తూము చూశాను. మా ఆఫీసులో రిటైనింగ్ వాల్‌కు (మట్టి జారకుండా ఆపే గోడ) మేం పెట్టే వీప్ హోల్, అంటే వెనకి నీరు బయటికి పోయే రంధ్రం లాంటిదే. అక్కడి నుంచి కదలడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఎందుకో చెబుతాను. ఆ నగరం 2,430 మీటర్ల ఎత్తులో, రెండు శిఖరాల మధ్య సన్నటి వెన్ను మీద ఉంది. ఏడాదికి దాదాపు 2,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అంటే హైదరాబాద్ వానకు రెట్టింపుకు మించి. మూడు వైపులా కిందికి చూస్తే ఉరుబాంబా నది లోయ నిట్టనిలువుగా కనిపిస్తుంది. కింద రాతిలో పగుళ్లు ఉన్నాయి, భూకంపాలు వచ్చే ప్రాంతం. ఇలాంటి చోట ఊరు కట్టమని నాకెవరైనా అప్పగిస్తే మొదటి మీటింగ్‌లోనే వద్దంటాను. ఇంకాలు పదిహేనో శతాబ్దంలో కట్టారు. ఆ తర్వాత సుమారు నాలుగు వందల ఏళ్లు పట్టించుకునే యంత్రాంగమేదీ లేదు, అడవి కమ్మేసింది. అయినా పొదలు కొట్టేసి చూస్తే గోడలు చాలావరకు నిలబడే ఉన్నాయి. గడ్డి కప్పులు మాత్రమే పోయాయి.

దీనికి కారణం నేల కింద ఉంది. అమెరికన్ నీటి ఇంజినీరు కెన్నెత్ రైట్ బృందం 1990లలో అక్కడ కొలతలు తీసి, తవ్వకాల వివరాలు పరిశీలించి ఒక అంచనాకు వచ్చింది: ఆ నగరం కట్టడానికి పడ్డ శ్రమలో దాదాపు 60 శాతం కంటికి కనిపించదు, పునాదుల్లో, నేల నింపడంలో, నీళ్లు పోయే దారుల్లో ఉంది. ఫొటోల్లో పచ్చగా కనిపించే మెట్ల పొలాలు కేవలం మొక్కజొన్న వేయడానికి కట్టినవి కావు. ఒక్కో మెట్టు లోపల అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, ఆపైన ఇసుక కలిసిన మట్టి, అన్నిటికీ పైన సారవంతమైన నల్లమట్టి. వాన పడితే నీరు పైన పారకుండా లోపలికి ఇంకుతుంది, మెల్లగా కిందికి జారుతుంది. గోడ వెనక నీటి ఒత్తిడి పెరగదు కాబట్టి గోడ కూలదు, కొండ జారదు. మన దగ్గర కొత్తగా పోసిన ఘాట్ రోడ్డు పక్క గోడలు మొదటి పెద్ద వానకే ఎందుకు పొట్ట పెడతాయో తెలిసినవాళ్లకు ఈ సంగతి విలువ అర్థమవుతుంది.

నగరం నడిబొడ్డున పెద్ద పచ్చిక మైదానం ఉంటుంది. అక్కడ లామాలు మేస్తుంటాయి, పిల్లలు ఫొటోలు తీసుకుంటారు. ఆ పచ్చిక కింద మందంగా రాతి ముక్కలు నింపారు. గోడలకు రాళ్లు చెక్కినప్పుడు రాలిన పెంకులు, చెత్త రాయి అంతా అక్కడ పోసి, దాన్నే డ్రైన్‌గా మార్చుకున్నారు. ఎంత వాన కురిసినా ఆ మైదానంలో నీళ్లు నిలవవు. గోడల అడుగున నీళ్లు బయటికి వచ్చే తూములు 130 దాకా లెక్కపెట్టారు. నడిచేటప్పుడు మీ నాన్నగారికి వాటిని చూపించండి. ఒకసారి కన్ను పడిందంటే అడుగడుగునా కనిపిస్తూనే ఉంటాయి.

ఇక తాగునీరు. మాచు పిచ్చు కొండ ఉత్తరపు వాలులో ఒక ఊట ఉంది. దాని నుంచి 749 మీటర్ల పొడవున రాతి కాలువ తవ్వి నగరానికి నీళ్లు తెచ్చారు. వాలు ఎక్కువైతే నీరు ఒరుసుకుపోయి కాలువను తవ్వేస్తుంది, తక్కువైతే పూడిక పడుతుంది. వాళ్లు సరిగ్గా మధ్యలో పట్టుకున్నారు, అదీ రాత, లెవెల్ పరికరం లేకుండా. ఆ నీరు వరసగా 16 ధారల్లోంచి ఒకదాని నుంచి మరొకదానికి దిగుతుంది. మొదటి ధార రాజు నివాసం దగ్గరే ఉంటుంది, అంటే ఎవరూ ముట్టని నీరు ముందు ఆయనకు. ఒక్కో ధారలో నీరు సన్నగా, బిందె మూతికి సరిపడేంత, చిమ్మకుండా పడుతుంది. బిందెతో నీళ్లు పట్టిన ఎవరికైనా ఆ రాతి పెదవి ఎంత ఆలోచించి చెక్కారో తెలుస్తుంది. 2018లో మా అమ్మ గైడు చెప్పే రాజుల కథలన్నీ ఓపిగ్గా విని, ఇక్కడికి వచ్చాకే నోరు విప్పింది: "ఇది ఆడవాళ్లని అడిగి కట్టారురా."

గోడల సంగతి అందరూ చెబుతారు కాబట్టి క్లుప్తంగా. ముఖ్యమైన కట్టడాల్లో సున్నం, గచ్చు ఏమీ లేదు. గ్రానైట్ రాయిని ఇంకా గట్టి రాళ్లతో కొట్టి, ఒకదానికొకటి పట్టేలా అరగదీశారు. ఇనుము లేదు, బండి చక్రం లేదు, లాగడానికి ఎద్దులు లేవు. తలుపులు, కిటికీలు కింద వెడల్పుగా పైన ఇరుకుగా ఉంటాయి, గోడలు లోపలికి కొద్దిగా వాలి ఉంటాయి. భూమి కదిలినప్పుడు తట్టుకునే ఆకారం అది. రాళ్లు ఎక్కడినుంచో మోసుకొచ్చినవి కావు, క్వారీ నగరంలోనే ఉంది, సగం చెక్కి వదిలేసిన బండలు ఇంకా అక్కడే పడి ఉన్నాయి. ప్రధాన ఆలయం దగ్గర మాత్రం ఒక మూల రాళ్లు విడిపోయి కుంగినట్టు కనిపిస్తాయి. గోడ బాగానే కట్టారు, దాని కింద నేల దిగింది. అంత గొప్ప పనివాళ్లకూ ఒక చోట పునాది మోసం చేసింది. ఆ మూల దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను.

చరిత్ర విషయంలో ఒక్క మాట, ఎందుకంటే చాలామంది గైడ్లు ఇప్పటికీ పాత కథే చెబుతారు. "పోయిన నగరాన్ని 1911లో హైరమ్ బింగమ్ కనిపెట్టాడు" అంటారు. అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పే బింగమ్ 1911 జులై 24న అక్కడికి చేరాడు, నిజమే. కానీ దారి చూపింది మెల్చోర్ ఆర్తేగా అనే స్థానిక రైతు. పైన అప్పటికే రెండు కుటుంబాలు ఆ మెట్ల పొలాల్లోనే సేద్యం చేసుకుంటున్నాయి. వాళ్ల పిల్లవాడే బింగమ్‌ను శిథిలాల మధ్య తిప్పాడు. మూడు కిటికీల ఆలయం గోడ మీద అగుస్తీన్ లిసారాగా అనే ఆయన 1902లోనే తన పేరు రాసి వెళ్లాడు. అక్కడి వాళ్లకు అది ఎప్పుడూ పోలేదు. బింగమ్ దాన్ని ప్రపంచానికి పరిచయం చేశాడు, తవ్విన వస్తువులు యేల్‌కు పట్టుకెళ్లాడు. దాదాపు వందేళ్ల తగవు తర్వాత, 2010లో కుదిరిన ఒప్పందంతో అవి పెరూకు తిరిగొచ్చాయి. ఆ ప్రాంతపు పెద్ద నగరం కుస్కోలో కాసా కోంచా మ్యూజియంలో చూడొచ్చు. మీకు వీలైతే ఒక గంట కేటాయించండి, అక్కడ జనం తక్కువ.

అది సూర్యకన్యల మఠమనీ, ఇంకాల ఆఖరి రాజధాని అనీ బింగమ్ అనుకున్నవి రెండూ నిలబడలేదు. ఇంకాల చక్రవర్తి పచకూతి విడిదిగా కట్టించుకున్న రాజనివాసం అన్నది ఇప్పుడు ఎక్కువమంది పండితుల మాట. అక్కడ దొరికిన ఎముకల డీఎన్‌ఏ పరిశీలించి 2023లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, అక్కడ పనిచేసిన సేవకులు, పనివాళ్లు ఒకే ప్రాంతం వాళ్లు కారు. సామ్రాజ్యం నలుమూలల నుంచి, అమెజాన్ అడవుల వైపు నుంచి కూడా వచ్చారు. రాజు పేరు చెప్పుకునే ఆ రాళ్లను మోసిందెవరో కొంతవరకైనా తెలిసిందని నాకు సంతోషంగా అనిపించింది.

ఇప్పుడు మీ టికెట్ల విషయం. నిండుగా ఉన్న రోజుల్లోనూ ఆ నగరంలో 750 మందికి మించి ఉండేవారు కాదని అంచనా. ఇప్పుడు రోజుకు 4,500 మందిని, రద్దీ తేదీల్లో 5,600 మందిని అనుమతిస్తున్నారు. ఒకప్పుడు చెప్పులతోనో ఉత్త కాళ్లతోనో కొద్దిమంది నడిచిన మెట్ల మీద ఇప్పుడు వేల జతల ట్రెక్కింగ్ బూట్లు. రాయి అరుగుతుంది, మట్టి గట్టిపడుతుంది, మట్టి గట్టిపడితే నీరు ఇంకదు, నీరు ఇంకకపోతే పైన చెప్పిన ఏర్పాటు అంతా దెబ్బతింటుంది. 2000 సంవత్సరంలో ఒక బీరు ప్రకటన షూటింగ్‌లో క్రేన్ పడి ఇంతివతానా అనే పవిత్ర శిల అంచు విరిగింది. అది మళ్లీ అతుక్కోదు. మీ అమ్మగారు చూశానన్న రజనీకాంత్ ‘రోబో’ సినిమాలోని ‘కిలిమంజారో’ పాట, పాటలో పేరు ఆఫ్రికా కొండది అయినా, తీసింది ఇక్కడే, అంత మంది డాన్సర్లతో. ఇప్పుడైతే అలాంటి అనుమతి దొరుకుతుందని నేననుకోను, దొరకకూడదు కూడా.

2014లో నేను పొద్దున వెళ్లి, మధ్యాహ్నం బయటికొచ్చి తిని, అదే టికెట్‌తో మళ్లీ లోపలికి వెళ్లాను. ఎటు కావాలంటే అటు తిరిగాను. 2017లో పూట టికెట్లు వచ్చాయి, 2019లో గంట స్లాట్లు వచ్చాయి. 2024 జూన్ నుంచి మూడు సర్క్యూట్లు, వాటిలో పది దారులు. మన తిరుమల స్లాట్ దర్శనంలాగే అనుకోండి: మీ గంటకు వెళ్లాలి, గీసిన దారిలోనే నడవాలి, వెనక్కి తిరగకూడదు, బయటికొస్తే మళ్లీ లోపలికి పంపరు. చాలామంది దీన్ని తిట్టుకుంటారు. మొదట్లో నాకూ చిరాకేసింది. ఇప్పుడు మాత్రం ఈ కట్టడి అవసరమేనని నమ్ముతున్నాను.

సర్క్యూట్ 1 అంటే పైనుంచి చూడటం. ఫొటో వస్తుంది, నగరంలోకి అడుగు పెట్టరు. సర్క్యూట్ 2 అంటే ఆ ఫొటో చోటు, తర్వాత నగరం లోపల ఎక్కువ భాగం. సర్క్యూట్ 3 దిగువ భాగం: సూర్యాలయం, ధారలు, కాండోర్ ఆలయం వైపు. హుయానా పిచ్చు శిఖరం ఎక్కేది కూడా ఈ 3లోనే వస్తుంది, అది నిట్టనిలువు మెట్లు, పెద్దవాళ్లతో వద్దు. మా స్నేహితుడి కుటుంబం ఒక ట్రావెల్ ఏజెంట్ ద్వారా వెళ్లింది. "అన్నీ కవర్ అవుతాయి" అని చెప్పి చేతిలో సర్క్యూట్ 1 పెట్టారు. వాళ్లు అమెరికా నుంచి అంత దూరం వెళ్లి, నగరాన్ని పైనుంచి చూసి తిరిగొచ్చారు. కాబట్టి ఎవరు బుక్ చేసినా టికెట్ మీద సర్క్యూట్ నంబర్, పక్కనున్న అక్షరం మీ కళ్లతో చూసుకోండి.

మీ నలుగురికి నా సలహా: 2-ఏ (సర్క్యూట్ 2లోని ఏ దారి) తీసుకోండి. అమ్మగారికి మోకాళ్ల నొప్పి ఉందన్నారు కదా, ఎత్తు మెట్లు కష్టమనిపిస్తే ఆమెకు, నాన్నగారికి 3-బి మేలు. ఎక్కడం తక్కువ, ధారలు ఆ దారిలోనే. అన్నిటికన్నా మంచిది, డబ్బు సరిపోతే, మొదటి రోజు మధ్యాహ్నం 2-ఏ, మర్నాడు పొద్దున 3-బి. నేను వెళ్లినప్పుడు విదేశీయులకు టికెట్ 152 సోళ్లు (పెరూ డబ్బు), శిఖరం ఎక్కేవాటికి 200. పెరూ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కొనాలి. మే నుంచి సెప్టెంబర్ వరకు 2-ఏ టికెట్లు చాలా ముందే అయిపోతాయి. కింద ఊళ్లో రోజుకు 1,000 టికెట్లు నేరుగా అమ్ముతారు గానీ పెద్దవాళ్లను ఆ క్యూ టెన్షన్‌లో పెట్టకండి. టికెట్ మీద ఉన్న పేరు, పాస్‌పోర్ట్ నంబర్ సరిపోవాలి, అసలు పాస్‌పోర్ట్ చేతిలో ఉండాలి. మన వాళ్ల ఇంటిపేరు దగ్గర తరచూ తేడా వస్తుంది, పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే టైప్ చేయండి. లోపల టాయిలెట్లు లేవు. గేటు బయటే ఉన్నాయి, చిల్లర ఇవ్వాలి. రెండుమూడు గంటల నడకకు ముందు అమ్మానాన్నలకు ఈ సంగతి గుర్తు చేయండి. పెద్ద సంచులు, సెల్ఫీ స్టిక్, ట్రైపాడ్ వద్దంటారు. పెద్దవాళ్ల చేతికర్రకు అనుమతి ఉంది, అడుగున రబ్బరు ఉండాలి.

ఎత్తు గురించి చాలామంది తలకిందులుగా భయపడతారు. మాచు పిచ్చు ఎత్తు 2,430 మీటర్లే. ఇబ్బంది పెట్టేది కుస్కో, అది 3,400 మీటర్లు. రాజధాని లిమా సముద్రం ఒడ్డున ఉంటుంది, గంటన్నర లోపు విమానం మిమ్మల్ని అంత ఎత్తులో దింపేస్తుంది. 2018లో నేను చేసిన తప్పు ఇదే. అమ్మను కుస్కోలోనే రెండు రాత్రులు ఉంచాను. మొదటి రాత్రి ఆవిడకు తలనొప్పి, వాంతులు, నిద్ర లేదు. నాకు కాళ్లు చేతులు ఆడలేదు. మీరు కుస్కో ఎయిర్‌పోర్ట్‌లో దిగగానే కారెక్కి, దాని కింద ఉన్న సేక్రెడ్ వ్యాలీ అనే లోయకు దిగిపోండి. ఓయంటాయ్‌టాంబో అనే ఊరు ఆ లోయలో 2,800 మీటర్ల దగ్గర ఉంటుంది. అక్కడ రెండు రాత్రులు, మాచు పిచ్చు కింద ఊరు అగ్వాస్ కాలియెంతెస్‌లో రెండు రాత్రులు, అప్పటికి ఒళ్లు అలవాటు పడుతుంది, కుస్కో ఆఖర్న చూడండి. మొదటి రోజు మెల్లగా నడవాలి, తేలిగ్గా తినాలి, నీళ్లు తాగుతుండాలి. ఎత్తు పడక వచ్చే ఇబ్బందికి వాడే డయమాక్స్ మాత్ర గురించి వెళ్లేముందే డాక్టర్‌ను అడగండి, ముఖ్యంగా నాన్నగారి బీపీ మందులు చెప్పి, సల్ఫా మందులు పడవంటే అదీ చెప్పి. హోటళ్లలో కోకా ఆకు టీ ఇస్తారు, అక్కడ అది మామూలు సంగతి. కానీ ఆ ఆకులు, టీ పొట్లాలు సంచిలో వేసుకుని అమెరికాకు తేవద్దు, చట్టం ఒప్పుకోదు. ఇష్టంగా దాచుకున్నవాళ్లు ఎయిర్‌పోర్ట్‌లో ఇబ్బంది పడతారు.

అగ్వాస్ కాలియెంతెస్‌కు కారు రోడ్డు లేదు. ఓయంటాయ్‌టాంబో నుంచి నది పక్కనే రైలు, గంటన్నర పైన పడుతుంది. రైల్లోకి చిన్న సంచే, పెద్ద సూట్‌కేసులు హోటల్‌లో వదిలిపెట్టండి. ఊరి నుంచి పైకి బస్సు, కొండ మలుపుల్లో అరగంట లోపు. కుస్కో నుంచి తెల్లవారుజామున బయల్దేరి రాత్రికి తిరిగొచ్చే ఒక్కరోజు ప్యాకేజీ మీకు చూపించారన్నారు. పెద్దవాళ్లతో దానికి ఒప్పుకోకండి. ఒక్క రైలు ఆలస్యమైతే స్లాట్ పోతుంది, డబ్బు తిరిగి రాదు. ఆ లైన్ ఒక్కటే ఆధారం. 2010 జనవరి వానలకు పట్టాలు కొట్టుకుపోయి వేల మంది చిక్కుకుంటే హెలికాప్టర్లలో తరలించారు. 2023 జనవరిలో రాజకీయ ఆందోళనల వల్ల మాచు పిచ్చునే కొన్ని వారాలు మూసేశారు. 2024 జనవరిలో టికెట్ల అమ్మకం ప్రైవేటు కంపెనీకి ఇచ్చారని స్థానికులు సమ్మె చేసి రైళ్లు ఆపారు. ఆ ఊరు బతికేది మన రాకపోకల మీదే, వాళ్ల కోపానికి కారణాలున్నాయి. తిరుగు విమానానికి ముందు ఒక ఖాళీ రోజు ఉంచుకోండి చాలు.

నెలల విషయానికొస్తే, మీరు డిసెంబర్ సెలవులు అంటున్నారు. అది వానాకాలం. మబ్బు కమ్మి ఏమీ కనిపించని పొద్దులు ఉంటాయి, మెట్లు జారతాయి. ఏప్రిల్ ఆఖరు, మే మొదట్లో వీలు చేసుకోగలిగితే కొండలు పచ్చగా ఉంటాయి, వాన తగ్గుతుంది. డిసెంబరే కుదురుతుందంటే నిరాశ పడొద్దు. వానలో ఆ తూముల్లోంచి నీళ్లు బయటికి దూకడం చూస్తారు. నేను మూడుసార్లు వెళ్లినా ఎండలోనే వెళ్లాను, నాకు దక్కలేదు. రెయిన్ కోట్లు, మంచి పట్టున్న బూట్లు ఉండాలి. గొడుగు లోపలికి తెద్దామనుకోకండి.

తిండి గురించి అమ్మగారి బెంగ అర్థమైంది. బంగాళాదుంప పుట్టిల్లే ఆ కొండలు, వేల రకాలున్నాయి: ఊదా, పసుపు, చిన్నవి, మెలితిరిగినవి. కీన్వా అన్నం, పెద్ద గింజల మొక్కజొన్న కంకి, బీన్స్ దొరుకుతాయి. కీన్వా సూప్ అడిగేటప్పుడు మాత్రం కోడి రసంతో చేశారేమో కనుక్కోండి. మాంసం, కోడి, చేప వద్దని స్పానిష్‌లో ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే తేలిక. ఆవకాయ చిన్న డబ్బా కట్టుకెళ్లండి, చెక్-ఇన్ సంచిలో వేయండి. మిరపకాయ, వేరుశనగ, టమాటా, బంగాళాదుంప అన్నీ అమెరికా ఖండాల నుంచే మనకొచ్చాయని అక్కడి సంతలో అమ్మకు చెబితే ఆవిడ నమ్మలేదు. ఆ ముసలమ్మలు బుట్టల్లో పోసి అమ్మే వేరుశనగలు ఒలిచి తిన్నాకే ఒప్పుకుంది.

మీరిద్దరూ ‘ఇంకా ట్రెయిల్’, అంటే మాచు పిచ్చుకు చేరే ఇంకాల పాత కాలిబాట, నడవాలని ఉందన్నారు. నాలుగు రోజుల నడక, 4,200 మీటర్ల కనుమ దాటాలి. గైడ్లు, మోతగాళ్లతో కలిపి రోజుకు 500 మందికే అనుమతి, ఫిబ్రవరిలో మూసేస్తారు. ఈసారి వదిలేయండి, అమ్మానాన్నలను నాలుగు రోజులు హోటల్‌లో ఉంచి వెళ్లడం బాగుండదు. ఎప్పుడైనా వెళ్తే మోతగాళ్లకు సరైన కూలీ, తిండి, గుడారం ఇచ్చే సంస్థను వెతికి పట్టుకోండి. చట్టప్రకారం మోత 20 కిలోలు దాటకూడదు. తక్కువ ధర చూసి పోతే ఆ తేడా వాళ్ల వీపు మీద పడుతుంది.

గైడును తప్పకుండా పెట్టుకోండి, ఇంకాల భాష క్వెచువా మాట్లాడే ఇంటి నుంచి వచ్చినవారైతే ఇంకా మంచిది. 2024లో మా గైడు లోపలికి వెళ్లేముందు మూడు కోకా ఆకులు వేళ్ల మధ్య పట్టుకుని, ఎదురుగా ఉన్న కొండల పేర్లు ఒక్కొక్కటే చెప్పి, వాటి వైపు ఊదాడు. వాళ్లకు కొండ దేవుడు, అపూ అంటారు. మా చిన్నవాడు "అంటే మన కొండదేవర లాగానా?" అని అడిగాడు. గైడుకు అనువదించి చెప్పాను. ఆయన కాసేపు నవ్వి, వాడి చేతిలో ఒక ఆకు పెట్టాడు.

వీసా సంగతి ఒక్కటి మిగిలింది. భారత పాస్‌పోర్ట్ ఉన్నా, అమెరికా వీసా కనీసం ఆరు నెలలు చెల్లుబాటులో ఉంటే పెరూకు విడిగా వీసా అక్కర్లేదు. అమ్మానాన్నల పదేళ్ల విజిటర్ వీసాతో ఇబ్బంది ఉండదు. మీ ఇద్దరి హెచ్1బీ స్టాంపింగ్ గడువు చూసుకోండి. స్టాంప్ అయిపోయి కాగితం మాత్రమే ఉంటే తిరిగి అమెరికాలోకి రావడమే సమస్య అవుతుంది. టికెట్లు కొనేముందు పెరూ కాన్సులేట్ పేజీలో నిబంధన మరోసారి చదవండి. తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, ఏ రైలు ఏ స్లాట్‌కు సరిపోతుందో చూసి చెబుతాను.